తాపీ పట్టిన చదువు

కూడు, గుడ్డ, గూడు మానవుని కనీసావసరాలని పెద్దలు చెబుతారు. కూడు పెట్టే రైతును, గుడ్డ నేసే నేతగానిని మనం గౌరవంగా తలచుకుంటాం. గూడు కట్టే తాపీపనివానిని మాత్రం గృహప్రవేశం ముగిసిన మరునాడే మరచిపోతాం. ఈ మరపు వెనుక ఉన్న చిన్నచూపును గురించి యువత ఆలోచించవలసిన అవసరం ఉంది.

కొన్నేళ్ళ కిందట మా కళాశాలలో కొత్త తరగతి గదులు కడుతున్నారు. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు ప్రధాన ద్వారం విడిచి, రోజూ వెనుక గోడ పక్కనుండి తిరిగి రావడం గమనించాను. కారణమడిగితే తలవంచుకొని, “మా నాన్న అక్కడ పరంజా మీద పనిచేస్తున్నారండీ. స్నేహితులు చూస్తే నవ్వుతారు” అన్నాడు. ఆనాడు అతనికి తగిన సమాధానం చెప్పలేకపోయాను. ఆ లోటు నన్ను చాలాకాలం బాధించింది.

మన పూర్వులకు ఈ సిగ్గు లేదు. మయమతం, మానసారం వంటి శిల్పశాస్త్ర గ్రంథాలు నిర్మాణంలో పాలుపంచుకొనే వారిని నలుగురిగా పేర్కొన్నాయి. పనినంతటినీ నడిపించేవాడు స్థపతి. కొలతలు చూసేవాడు సూత్రగ్రాహి. రాతిని, కొయ్యను చెక్కేవాడు తక్షకుడు. చెక్కిన వాటిని కూర్చి నిలిపేవాడు వర్ధకి. ఈ నలుగురిలో ఏ ఒక్కరు లేకున్నా కట్టడం నిలువదు. ములుగు జిల్లా పాలంపేటలోని ఆలయాన్ని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేశాడు. అయినా జనం దానిని పిలిచేది శిల్పి పేరని ప్రతీతి గల ‘రామప్ప’ అనే పేరుతోనే. కట్టించినవాని పేరు శాసనంలో నిలిచింది. కట్టినవాని పేరు ప్రజల నాలుకలపై నిలిచింది. ఇసుక నింపిన పునాదిపై, తేలికైన ఇటుకల శిఖరంతో నిలిచిన ఆ ఆలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కాలక్రమంలో చేతికీ చదువుకూ నడుమ ఒక గోడ లేచింది. చదివినవాడు తాపీ పట్టడు. తాపీ పట్టినవానికి పుస్తకం అందదు. దీనివల్ల ఇద్దరూ నష్టపోతున్నారు. ఒక ఉదాహరణ చూడండి. కాంక్రీటులో నీరు ఎక్కువైతే పోయడం సులువవుతుంది గాని, గట్టిపడిన తర్వాత దాని బలం తగ్గుతుంది. పోసిన పిదప రోజుల తరబడి తడి ఆరకుండా చూడాలి. దాని బలాన్ని సాధారణంగా 28వ రోజున పరీక్షిస్తారు. ఈ కారణం తెలిసిన మేస్త్రీ అదనంగా ఒక్క బకెట్ నీరు పోయనివ్వడు. చేతిపని తెలిసిన ఇంజనీరు తట్టలోని మాలును చూడగానే లోపం పసిగడతాడు. ఇద్దరికీ తెలియకపోతే ఆ లోపం సున్నపు పూతకింద దాగి, ఏనాడో ఒక కుటుంబం నెత్తిమీద పడుతుంది.

కనుక నిర్మాణరంగంలో జీవితాన్ని మలచుకోదలచిన విద్యార్థి చేతిని, చదువును జోడించుకోవాలి. బాటలు అనేకం ఉన్నాయి. ఐ.టి.ఐ.లో తాపీపని, కొళాయిపని, విద్యుత్ పని వంటివి నేర్వవచ్చు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసినవారు ప్రవేశపరీక్ష ద్వారా ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్‌లో గణితం చదివినవారికి సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ నిర్మాణ అకాడమీ పనివారికీ, ఇంజనీర్లకూ శిక్షణ ఇస్తున్నది. భూమి కొలత, వ్యయ అంచనా, భద్రతా పర్యవేక్షణ వంటి కొలువులు కూడా ఈ రంగంలోనివే. ఏ బాటలో నడిచినా కొంతకాలం ఇటుక మీద ఇటుక పేర్చి, రసమట్టం పట్టి చూసినవానికే పని లోతు తెలుస్తుంది.

ఈ రంగంలో కష్టం లేదని నేను అనడం లేదు. పాలమూరు నుండి, ఉత్తరాంధ్ర నుండి తట్టాబుట్టా సర్దుకొని వలసపోయిన కుటుంబాలు ఎన్నో. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరందించిన నాగార్జునసాగరం ప్రధానంగా రాతికట్టడం. వేలాది కూలీల భుజాల మీద లేచిన ఆనకట్ట అది. ఆ భుజాలకు రక్షణ ఏది? నిర్మాణ కార్మికుల భద్రతకు, సంక్షేమానికి 1996లో చట్టం వచ్చింది. కట్టడాల వ్యయంపై సెస్సు వసూలు చేసి సంక్షేమనిధికి చేర్చే పద్ధతి 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ చోటుచేసుకొన్నది. అయినా పేరు నమోదు చేసుకోవాలని తెలియని అడ్డా కూలీలు ఇంకా ఉన్నారు. చదువుకొన్న బిడ్డ ఇంటివారికి చేయగల మొదటి ఉపకారం ఆ సంగతి తెలియజెప్పడమే.

మరొక అన్యాయమూ ఉంది. కూలిగా చేరిన పురుషుడు కొన్నేళ్ళకు మేస్త్రీ అవుతాడు. అతనితోపాటు చేరిన స్త్రీ తల నెరిసేదాకా తట్ట మోస్తూనే ఉంటుంది. ఆమె చేతికి తాపీ ఇచ్చి పని నేర్పేవారు అరుదు. చదువుకొన్న ఆడపిల్లలు ఇంజనీర్లుగా, పర్యవేక్షకులుగా ఈ రంగంలోకి వస్తే ఈ ఆచారం కొంతైనా మారుతుందని నా విశ్వాసం.

ఆనాటి విద్యార్థికి ఇవ్వలేని సమాధానం ఈనాడు మీకు చెబుతున్నాను. నాయనా! నీవు కూర్చున్న ఈ గదిని నిలువుగా నిలిపింది మీ నాన్నగారి చేయి. ఆ చేతిలోని నేర్పుకు నీ చదువును తోడుచేయి. ప్రధాన ద్వారం నుండే లోపలికి రా!