ఫ్లైఓవర్లు ఆపి బస్సులు ఇప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి, హైదరాబాద్‌లో మెహిదీపట్నం మీదుగా రోజూ సిటీ బస్సుల్లో తిరిగే ప్రయాణికులం సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: కొత్త ఫ్లైఓవర్లకు పెట్టే నిధులను సిటీ బస్సులకు, ఎంఎంటీఎస్‌ లోకల్ రైళ్లకు మళ్లించడం గురించి.

అయ్యా,

కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టడానికి 2024లో 826 కోట్ల రూపాయలకు పాలనా అనుమతి ఇచ్చారు. ఆ కూడళ్లలో సిగ్నల్ బాధ తప్పుతుంది, కాదనం. కానీ అక్కడ తప్పించుకున్న బళ్లన్నీ తర్వాతి సిగ్నల్ దగ్గర పోగవుతాయి. ఇది మా ఊహ కాదు. 2009లో 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. ఆరాంఘర్ నుంచి కార్లు దాని మీద ఝామ్మని వచ్చి మెహిదీపట్నంలో దిగుతాయి, దిగి ఆగుతాయి. బైకులను దానిమీదికి రానివ్వరు. బస్టాపులన్నీ కిందే కాబట్టి సిటీ బస్సు ఆ స్తంభాల పక్కన కిందే ఈదాలి. ప్రజాధనంతో కట్టిన దారి కారున్నవాడికి మాత్రమే పనికొచ్చిందంటే మాకు కష్టంగానే ఉంటుంది.

సాయంత్రం ఆరు దాటాక మెహిదీపట్నం రైతుబజారు దగ్గర ఎవరైనా అధికారిని పది నిమిషాలు నిలబడి చూడమనండి. బస్సు ఆగాల్సిన చోట ఆటోలుంటాయి, బస్సు నడిరోడ్డు మీద ఆగుతుంది. టిఫిన్ సంచి భుజాన వేసుకున్న ఆడవాళ్లు బైకుల సందుల్లోంచి పరుగెత్తి ఫుట్‌బోర్డు అందుకుంటారు. "లోపలికి జరగండమ్మా, జరగండి" అని కండక్టర్ అరుస్తుంటాడు, జరగడానికి చోటుంటే కదా! 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఛార్జీ లేదు. నాలుగిళ్లలో పనిచేసుకునే మనిషికి అది చిన్న సాయం కాదు, ఆ మేలు మరవం. కానీ ఆ జీరో టికెట్టు కొట్టించుకోవాలన్నా ముందు బస్సు రావాలి.

లక్ష జనాభాకు 60 బస్సులు ఉండాలన్నది కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పెట్టిన ప్రమాణం. కోటి దాటిన నగరానికి ఆ లెక్కన 6,000 కావాలి, తిరుగుతున్నవి అందులో దాదాపు సగం. 2025లో పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద కేంద్రం హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. మా అసలు భయం ఇక్కడే. కొత్తది ఒకటి డిపోలోకి వచ్చిన రోజునే డీజిల్ బస్సు ఒకటి తుక్కుకు పోతే పొగ తగ్గుతుంది, రద్దీ తగ్గదు. కాబట్టి ఎన్ని కొత్తవి వస్తున్నాయో కాదు, మొత్తం ఎన్ని పెరుగుతున్నాయో ప్రతి మూడు నెలలకూ డిపోల వారీగా ప్రకటించాలని కోరుతున్నాం.

బస్సులు పెరిగినా కార్ల మధ్య ఇరుక్కుంటే లాభం లేదు. మెహిదీపట్నం నుంచి లక్డీకాపూల్ దాకా ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లోనైనా ఒక వరుస బస్సులకు విడిచిపెట్టాలి. బెంగళూరులో 2019లో కేఆర్ పురం, సిల్క్ బోర్డ్ మధ్య ఇలాంటి వరుస పెట్టి చూశారు. దానికి స్తంభాలు లేపక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు, చెట్లు కొట్టక్కర్లేదు. కార్ల యజమానులు గొడవ చేస్తారు, చేయనివ్వండి. యాభైమందితో వచ్చే బస్సుకూ ఒక్కడు కూర్చున్న కారుకూ రోడ్డు మీద ఒకే హక్కు అనడం న్యాయం కాదు.

2003లో మొదలైన ఎంఎంటీఎస్‌కు రెండో దశలో మేడ్చల్, ఘట్‌కేసర్ వైపు లైన్లు వచ్చాయి. రైళ్లు మాత్రం చాలినన్ని రాలేదు. రైల్వేతో కూర్చుని వాటిని పెంచాలి. స్టేషన్ బయటే బస్సు దొరికేలా వేళలు కలపాలి.

ఇవి తేలేదాకా కేబీఆర్ చుట్టూ పనులు నిలిపివేయించండి. పై కోరికల్లో ఏది ఒప్పుకుంటారో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో నెల రోజుల్లో మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని సంబంధిత శాఖలను ఆదేశించండి. "పరిశీలిస్తున్నాం" అన్న ముక్క జవాబు కింద లెక్కలోకి తీసుకోం.

ఇట్లు,
మెహిదీపట్నం దారి సిటీ బస్సు ప్రయాణికులు