ఓపిక సీసాలో దొరకదు

‘ఒంట్లో ఓపిక లేదయ్యా, ఒక సీసా ఎక్కించు’. హోసూరు, బళ్లారి, రాయగడ... ఏ ఊళ్లోనైనా మన పెద్దవాళ్లు డాక్టరు దగ్గర అనే మాట ఇదే. సెలైన్ సీసాలో ఉండేది ఉప్పునీరు, మహా అయితే కాస్త గ్లూకోజు. వాంతులు, విరేచనాలతో నీరసించినవారిని అది ఆదుకుంటుంది. కరిగిపోయిన కండను మాత్రం తేలేదు.

వయసుతో కండ, బలం తగ్గడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. 1989లో అమెరికా వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ పెట్టిన పేరిది. నడివయసు నుంచే మొదలయ్యే ఈ తరుగు 60 దాటాక వేగం పుంజుకుంటుంది. కండ పోయిన చోట కొవ్వు చేరితే బరువు తగ్గదు. అందుకే ఇంట్లోవాళ్ల కంటికి ఆనదు. బస్సు మెట్టు ఎక్కలేకపోవడం, గోడ పట్టుకుంటే తప్ప నేలమీంచి లేవలేకపోవడం దీని గుర్తులే. ‘వయసైపోయిందిలే’ అని సరిపెట్టుకుంటే, స్నానాలగదిలో పడి తుంటి ఎముక విరిగే దాకా వస్తుంది.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. పక్కన ఒకరుండాలి. 12 సెకన్లు, ఆపైన పడితే అనుమానించాలని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పింది.

పోయిన బలం తిరిగి రాదనుకోవడం పొరపాటు. సగటున 87 ఏళ్ల వయసున్న వందమందితో బోస్టన్‌లో చేసిన అధ్యయనం ఫలితాలు 1994లో వెలువడ్డాయి. పది వారాలు బరువులతో కసరత్తు చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. నడక మంచిదే కానీ అదొక్కటే చాలదు. వారానికి రెండు రోజులైనా కండకు పని చెప్పాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సీసా ఎక్కించుకోవడం కాదు, లీటరు నీళ్ల సీసా ఎత్తి దించాలి.

తిండి సంగతీ అంతే. అవ్వ ఒంటిపూట భోజనం, తాత రాత్రి రెండిడ్లీలతో సరి. పెద్దవయసులో కిలో బరువుకు రోజుకు కనీసం గ్రాము మాంసకృత్తులు కావాలంటున్నారు నిపుణులు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, ఉలవగుగ్గిళ్లు... ఏది వీలైతే అది. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడిగి తినాలి.

సరిహద్దు జిల్లాల్లో ఇంకో చిక్కుంది. పిల్లలు ఎక్కడో ఉద్యోగాల్లో ఉంటారు. డాక్టరుది కన్నడమో, తమిళమో, ఒడియానో. కాళ్లలో సత్తువ తగ్గిందన్న మాట ఆయనకు చేరేసరికి ఉత్త నీరసం అయిపోతుంది. వృద్ధుల ఆరోగ్యానికి 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికో రోజు వృద్ధుల క్లినిక్ నడవాలి. కుర్చీ పరీక్ష అక్కడ తప్పనిసరి చేయాలి. సూచనలు తెలుగులోనూ ఉండాలి. పైసా ఖర్చులేని పనికి ఏ ప్రభుత్వమూ నిధుల్లేవనలేదు.

తెలుగు సంఘాలకూ బాధ్యత ఉంది. ఉగాదికి పెద్దలను సన్మానించే హాలులోనే వారానికి రెండు రోజులు కుర్చీలు వేసి కసరత్తు చేయించవచ్చు. శాలువా కప్పించుకునే పెద్దాయన వేదిక మెట్లు తనంతట తానే ఎక్కితే, అంతకు మించిన సన్మానం లేదు.