గాజు పలకపై ఆకాశం

గుండ్రని గోపురం, దానిలో పొడవాటి దూరదర్శిని, దానికి కన్ను ఆనించి తెల్లవార్లూ నిలిచిన ఒక శాస్త్రజ్ఞుడు: వేధశాల అనగానే మన మనస్సులో మెదిలే చిత్రమిది. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఖగోళశాస్త్రంలో ఫొటోగ్రఫీ ప్రవేశించిన తరువాత, చాలా రాత్రులు ఆ శాస్త్రజ్ఞుడు అంతసేపు చూస్తూ నిలిచినది కొత్త విశేషాల కోసం కాదు. ఒకే ఒక నక్షత్రం, దూరదర్శినిలోని సన్నని దారాల కూడలి నుండి పక్కకు జరిగిపోకుండా కాపలా కాయడానికి. ఆకాశాన్ని నిజంగా చూస్తున్నది అతని కన్ను కాదు. ఆ పక్కనే మరొక గొట్టం చివర, చీకటిలో అమర్చిన గాజు పలక.

ఈ కాపలా ఎందుకు? భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతున్నందువల్ల నక్షత్రాలన్నీ తూర్పు నుండి పడమరకు జరుగుతున్నట్లు కనబడతాయి. కదలని దూరదర్శినితో ఆరు నిమిషాలు ఫొటో తీస్తే చుక్కకు బదులు గీత పడుతుంది. అందుచేత దూరదర్శినిని భూమి అక్షానికి సమాంతరంగా ఉండే ఇరుసుపై నిలుపుతారు. ఆ ఇరుసు ఎంత వాలుగా ఉండాలో ఆ ఊరి అక్షాంశమే నిర్ణయిస్తుంది; హైదరాబాదులోనైతే సుమారు 17 డిగ్రీలు. పూర్వం బరువులతో నడిచే గడియారపు యంత్రమొకటి ఆ ఇరుసును 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు లెక్కన తిప్పేది. మన రోజుకంటె నక్షత్రాల రోజు నాలుగు నిమిషాలు తక్కువ మరి! కాని యంత్రం పళ్లలో పిసరంత లోపమున్నా, గాలి వీచినా, వాతావరణం కాంతిని వంచినా గురి తప్పుతుంది. ఆ తప్పును క్షణక్షణం సరిదిద్దడమే కాపలాదారు పని. నేడు ఆ పనిని ఎలక్ట్రానిక్ కెమెరాలు, కంప్యూటర్లు నిర్వహిస్తున్నవి.

1887లో ప్యారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక సాహసోపేతమైన నిర్ణయం చేశారు. యావదాకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి, పదకొండవ తరగతి ప్రకాశం వరకు గల నక్షత్రాలన్నిటి స్థానాలను కొలిచి గ్రంథస్థం చేయాలని. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి సుమారు ఇరవై వేధశాలలకు పంచారు. వాటిలో కొన్ని మధ్యలోనే విరమించుకున్నవి. దక్షిణ అమెరికాలోని శాంటియాగో వేధశాలకు కేటాయించి, అక్కడ సాగక మిగిలిపోయిన ఒక పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది.

హైదరాబాదులో వేధశాల వెలసినది ఒక ప్రభువు ముచ్చట వల్ల. నవాబ్ జఫర్ జంగ్ విదేశం నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాలను స్థాపించి, దానికి నిజామియా అని పేరు పెట్టారు. ఆయన 1907లో మరణించగా మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. తరువాత దానిని బేగంపేటకు తరలించారు. నక్షత్రాల ఫొటోలకు వాడినది ఆ పెద్ద దూరదర్శిని కాదు, 8 అంగుళాల మరొక పరికరం. 1914లో డైరెక్టరైన పోకాక్ ఈ పనిని క్రమబద్ధంగా నడిపించారు. నాలుగేళ్లకే ఆయన కన్నుమూయగా టి.పి. భాస్కరన్ ఆ భారం వహించారు.

ఫొటో తీయడంతో సగం పని కూడా కాదు. పలకపై ముందుగానే 5 మిల్లీమీటర్ల గళ్లు ముద్రిస్తారు. గాజుపై పూసిన పొర ఆరేటప్పుడు ముడుచుకుంటే ఆ గళ్లే పట్టి ఇస్తాయి. ఒకే పలకపై ఆకాశాన్ని కొద్దిగా జరిపి ఒకటికంటె ఎక్కువ సార్లు తీసేవారు. నక్షత్రమైతే చుక్క అన్నిసార్లూ పడుతుంది, దుమ్ము కణమైతే ఒక్కటే కదా! ఆపైన పగటివేళ సూక్ష్మదర్శిని కింద ప్రతి చుక్క ఏ గడిలో, ఏ అంచుకు ఎంత దూరంలో ఉన్నదో కొలిచి అంకెలు రాసుకోవాలి. కంప్యూటరు లేదు, గణితమంతా చేతితోనే. నిజామియా ఈ విధంగా 12 సంపుటాలలో 7,63,000కు పైగా నక్షత్రాల స్థానాలు ప్రకటించింది. ఇంత పనిలో వార్తాపత్రికలకెక్కే విశేషమొక్కటీ లేదు!

ఇంతలో నగరం పెరిగి బేగంపేటను ముంచెత్తింది. విద్యుద్దీపాల కాంతి వాతావరణంలోని ధూళికి తగిలి చెదరి ఆకాశమంతటినీ తెల్లబరుస్తుంది. సన్నని నక్షత్రాలు దానిలో కలిసిపోతాయి. 1919 నుండి ఈ వేధశాలను నిర్వహిస్తూ వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం చీకటిని వెదుక్కుంటూ నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో 1968లో 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పవలసి వచ్చింది. నిజామియాలో పనిచేసిన ఉద్యోగి కుమారుడే వేణు బప్పు. హైదరాబాదులో పెరిగిన ఆ శాస్త్రజ్ఞుడు కూడా చీకటి కోసమే తమిళనాడు జవ్వాది కొండలలోని కావలూరును ఎంచుకున్నారు.

మరి ఆ పన్నెండు సంపుటాల మాటేమిటి? చాలాకాలం అవి గ్రంథాలయాల బీరువాలలోనే నిలిచిపోయినవి. నక్షత్రాలు స్థిరమైనవని మనమంటాము గాని, అవీ కదులుతున్నవి. ఏడాదికి ఒక సెకండు కోణంలో నూరవ వంతు జరిగే నక్షత్రం నూరేళ్లకు ఒక సెకండు జరుగుతుంది. ఆ పథకపు పలకలపై అది మిల్లీమీటరులో అరవయ్యవ వంతు మాత్రమే. 1989లో ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన హిపార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను ఎంతో ఖచ్చితంగా కొలిచింది. కాని నాలుగేళ్ల కొలతలతో, మందకొడిగా సాగే కదలికను సరిగా తేల్చడం కష్టం. అమెరికా నౌకాదళ వేధశాలవారు అన్ని దేశాల పాత సంపుటాలలోని అంకెలను కంప్యూటరుకెక్కించి, ఉపగ్రహపు కొలతల ఆధారంగా సవరించారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలకు ఈ అంకెలే ముఖ్యమైన ఆధారం. వాటిలో బేగంపేట రాత్రులూ ఉన్నవి.

2013లో ప్రయోగించిన గైయా ఉపగ్రహం 2025 జనవరి వరకు పనిచేసి, అంతకుమించిన ఖచ్చితత్వంతో దాదాపు రెండువందల కోట్ల నక్షత్రాలను కొలిచింది. అయినప్పటికీ, కంటికి కనబడని జంట నక్షత్రం చుట్టూ నూరేళ్లకొకసారి తిరిగే నక్షత్రముంటే, దాని వంకర నడకను పసిగట్టడానికి పదేళ్ల పైచిలుకు కొలతలు చాలవు. 1914 ప్రాంతంలో అది ఎక్కడున్నదో చూడాలి. అందుకు ఆనాటి పలకల కొలతలనే తెరవవలసి ఉంటుంది.