పచ్చని పొలంలో కరువు

నెర్రెలిచ్చిన నేల. ఆ నెర్రెల మధ్య గొంతుక్కూర్చున్న ఓ ముసలాయన. నుదుటికి అడ్డంగా చెయ్యి. చూపు ఆకాశం వైపు.

ఈ ఫోటో ఎవరు తీశారని అనంతపురంలో అడిగితే ఒక్క పేరు చెప్పడం కష్టం. కెమెరా భుజాన వేసుకుని ఆ జిల్లాలో తిరిగిన పత్రికా ఫోటోగ్రాఫర్లలో ఇలాంటిది ఒక్కటైనా తీయనివారు అరుదు. రిటైరయ్యాక ఏ పండగకో బీరువా సర్దుతుంటే ఆ ప్రింటు బయటపడుతుంది. అంచులు పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. దాని పక్కనే, తోలు కవర్లో, లెన్సుకు బూజు పట్టిన పాత యాషికా.

ఆ రెండు కళ్ల కెమెరాతో ఫోటో తీయడమే ఓ తతంగం. కంటికి ఆనించి చూసేది కాదది. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న అద్దంలోకి చూడాలి. కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. రోలుకు పన్నెండే ఫోటోలు. అందుకే వేలు నొక్కే ముందు పదిసార్లు ఆలోచించేవారు. చీకటి గదిలో ఫిల్ము కడిగి, ప్రింటు వేసి, కవర్లో పెట్టి, రాత్రి బస్సుకు అందించాలి. ఆ బస్సు తప్పితే ఆ రోజు శ్రమంతా వృథా!

ప్రింటు వెనక్కి తిప్పితే పెన్సిల్ రాత కనిపిస్తుంది. ఊరి పేరు, తేదీ, కింద ‘కరువు దృశ్యం’ అన్న రెండు మాటలు. అంతే. ఆ ముసలాయన పేరు మాత్రం ఉండదు.

ఇక్కడో సంగతి ఉంది. ఇంతకీ నెర్రెలిచ్చిన ఆ నేల ఎవరిది?

అనంతపురం జిల్లాలో ఎక్కువ భాగం ఎర్రనేలలు. వాన లేకపోతే అవి గట్టిపడతాయి, గాలికి దుమ్మై లేస్తాయి. అంతే తప్ప పలకలు పలకలుగా పగలవు. అలా పగిలేది బంకమన్ను. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి పగులుతుంది. మిగతాచోట్ల నెర్రెలు కావాలంటే ఎండిపోయిన చెరువులోకి దిగాల్సిందే. అంటే, ఫోటోలో ముసలాయన కూర్చున్నది చాలాసార్లు తన పొలంలో కాదు, చెరువు అడుగున. అక్కడికి ఆయన్ను పిలుచుకెళ్లింది ఫోటోగ్రాఫరే.

‘‘తాతా, రవ్వంత పైకి చూడు.’’

‘‘పైన యేముందప్పా చూసేకి?’’

అయినా చూస్తాడు. పట్నం నుంచి వచ్చిన పిల్లవాడు అడిగాడు కదా!

అది అబద్ధమా అంటే, పూర్తిగా కాదు. చెరువెండటమూ కరువే. కానీ కరువు అసలు రూపం అది కాదన్న సంగతి తీసినవారికి తెలుసు, కూర్చున్నాయనకీ తెలుసు.

కరువు ముందు మనుషుల్ని పేర్చి ఫోటో తీయడం యాషికాలతో మొదలైంది కాదు. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు, బళ్లారి జిల్లాలో భాగం. 1882లో వేరుపడింది. ఆ కరువును విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్లలాంటి మనుషులు వరసగా కూర్చుని, పడుకుని ఉంటారు. ఇంట్లో కుటుంబ ఫోటోకి కూర్చోబెట్టినట్టే ఉంటుంది ఆ వరస! బతికున్నవారిని అలా అమర్చి తీయడమేమిటని ఆయన మీద విమర్శలు వచ్చాయి. ఈనాటికీ ఆ ఫోటోలే ఆ కరువుకు సాక్ష్యం. వాటిలో ఉన్నవారి పేర్లు మాత్రం మనకు అందలేదు.

తర్వాత సునీల్ జానా. 1943 బెంగాల్ కరువు ఫోటోలతో దేశాన్ని కదిలించిన ఆయన, రెండు మూడేళ్ల తర్వాత రాయలసీమ కరువునూ కెమెరాలో బంధించారు. చేతనైన సాయం చేయాల్సిన చోట కెమెరా పట్టుకుని నిలబడటం ఎంత నరకమో ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఆకలిగొన్న మనిషి ఎదుట కెమెరా ఎత్తిన ప్రతివారికీ ఆ బరువు తెలుసు. పాత ఫోటో చేతికొచ్చినప్పుడు గుండెలో కలుక్కుమనేదీ అదే.

మరి అనంతపురం కరువు అసలు రూపం ఏమిటి?

అది పచ్చగా ఉంటుంది!

పడమటి కనుమల చాటున ఉన్న జిల్లా అది. నైరుతి మేఘాలు కనుమల అవతలే కురిసి తేలికైపోతాయి. తూర్పు తీరం వానలు ఇక్కడిదాకా వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాదికి సగటున దక్కేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అదైనా అదనుకు పడదు. ఆ వాననే నమ్ముకుని 2000 తొలి ఏళ్లలో 8 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసేవారు. తొలి చినుకులకు విత్తనం మొలుస్తుంది. మొక్క ఎదుగుతుంది. పసుపుపచ్చని పూలు పూస్తుంది. సరిగ్గా ఊడలు నేలలోకి దిగే వేళకి, కాయ ఊరే వేళకి వాన ముఖం చాటేస్తుంది. ఎర్రనేల పైపొర గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. దిగినా కాయలో గింజ నిండదు.

ఆకు మాత్రం చాన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద కారులో వెళ్లేవారికి అది పంటే. కరువు పరిశీలనకు వచ్చేవారికీ అదే చిక్కు. కారు దిగి, గట్టు దాటి, మొక్కను పీకి చూస్తే గానీ తెలియదు... ఊడలకు వేలాడేవి నాలుగైదు తాలు కాయలని. విత్తనాలకు, ఎరువులకు చేసిన అప్పు అప్పటికే వడ్డీతో సహా తలమీద ఉంటుంది. కొందరికి ఆ పీకిన మొక్కతోనే గుండె పగిలింది. కొందరు ఇంటికి తాళం వేసి బెంగళూరు దారి పట్టారు.

కానీ పీకిన మొక్క ఫోటో మొదటి పేజీలో ఎంత కనిపిస్తుంది? అరచేతిలో నాలుగు తాలు కాయలు పట్నం పాఠకుడికి ఏం అర్థమవుతాయి? అందుకే చెరువులో నెర్రెలు గెలిచాయి. దాని ఫలితం మాత్రం చేదు. ‘నేల పగిలితేనే కరువు’ అన్న బొమ్మ చూసే కళ్లలో ముద్రపడింది. పచ్చగా ఉన్న పొలంలో నిలబడి ‘పంట పోయింది సామీ’ అన్న రైతు మాట నమ్మశక్యం కాకుండా పోయింది.

2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ పథకం జాబ్ కార్డు మీదా ఒక ఫోటో ఉంటుంది. చిన్నది, సాదాసీదాది. చెయ్యి అడ్డం పెట్టుకోమనీ ఆకాశంకేసి చూడమనీ ఎవరూ చెప్పి తీసింది కాదు. దాని పక్కన మాత్రం మనిషి పేరు ఉంటుంది. పత్రికల్లో అచ్చయిన ఎన్నో గొప్ప కరువు ఫోటోలకు లేనిది అదే.

ఇప్పుడు కాలం మారింది. పంట నమోదుకి పొలంలోనే ఫోటో తీస్తున్నారు. రైతు జేబులోనే కెమెరా ఉంది. పంట పోతే తనే మొక్క పీకి, మట్టి దులిపి, తాలు కాయలు దగ్గరగా చూపిస్తూ ఫోటో తీసుకోగలడు. తన పేరు, ఊరు తనే చెప్పగలడు. వెలుతురు సరిపోదు, చెయ్యి వణుకుతుంది. ఫోటో ఏ పోటీకీ పనికిరాదు. అయినా పత్రికలు ఇన్నేళ్లూ అరుదుగా అచ్చేసిన కరువు ఫోటో అదే.

బీరువాలోని పాత యాషికా ఇక పనిచేయదు. ఆ ప్రింటు వెనక మాత్రం ‘కరువు దృశ్యం’ కింద ఒక పేరు పట్టేంత జాగా ఇంకా ఉంది. ఆ ఊరు తెలుసు, తేదీ తెలుసు. ఓ ఆదివారం బస్సెక్కి వెళ్లి, ‘ఈ తాత ఎవరప్పా?’ అని రచ్చకట్ట దగ్గర అడిగితే, చెప్పేవారు ఎవరో ఒకరు ఉండకపోరు.