నీటి చల్లదనమే సూటుకు కొలత

జూన్ వచ్చిందంటే ఉత్తర కాలిఫోర్నియాలో శాన్‌హోజే, ఫ్రీమాంట్ వైపు ఎండ మండిపోతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకుని శాంతాక్రూజ్, హాఫ్‌మూన్ బే తీరాలకు బయలుదేరతాయి. ఊళ్లో 32 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు సముద్రం కూడా హాయిగానే ఉంటుందనుకోవడం సహజం. నిజానికి ఆ రోజుల్లో అక్కడి నీరు తరచూ 11 నుంచి 15 డిగ్రీల మధ్యే ఉంటుంది. వసంతం నుంచి వేసవి దాకా వీచే వాయవ్య గాలుల వల్ల పైనీరు తీరానికి దూరంగా జరిగిపోతుంది. దాని స్థానంలోకి అడుగునున్న చల్లటి నీరు ఉబికి వస్తుంది. ఎండను చూసి పల్చటి వెట్‌సూట్ కొనడం, అసలు సూటే లేకుండా దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

గాలికన్నా నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. పైగా 15 డిగ్రీలకన్నా చల్లటి నీటిలో ఒక్కసారిగా పడితే ఎవరికైనా ఊపిరి ఎగదన్నుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆ మొదటి ఒకటి రెండు నిమిషాల్లో తల నీటిలో ఉంటే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ‘బాగా ఈత వచ్చినవాళ్లకు ఇవన్నీ ఎందుకు’ అనేవారికి జవాబు ఇక్కడే ఉంది. ఇది అసంకల్పితంగా జరిగేది, ఈత నేర్పు దాన్ని ఆపలేదు. ఆ గండం గడిచినా మరికొంతసేపటికి చేతులు, కాళ్లు మొద్దుబారి ఈత సాగదు.

వెట్‌సూట్ లోపల చేరిన నీరే ఒంటిని వెచ్చగా ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న సన్నని గ్యాస్ బుడగలు. 1950ల ఆరంభంలో బర్క్‌లీ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్‌నర్ పట్టుకున్న కీలకం అదే. మందం పెరిగితే బుడగలు పెరుగుతాయి, వెచ్చదనమూ పెరుగుతుంది. సూటు మీద 4/3 అని ఉంటే మొండెం దగ్గర 4 మిల్లీమీటర్లు, చేతులకూ కాళ్లకూ 3 అని అర్థం. నీరు 18 నుంచి 22 డిగ్రీలుంటే 3/2 సరిపోతుంది. 14 నుంచి 17 అయితే 4/3 కావాలి. అంతకంటే తగ్గితే 5/4తో పాటు తలకు హుడ్, చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు వేసుకోవాలి. బక్కపల్చటివాళ్లకు, పిల్లలకు ఒక మెట్టు మందంగా ఉండటమే మేలు.

అలాగైతే అన్నిటికన్నా మందమైనది కొంటే పోలేదా అంటారు. కుదరదు. మందం పెరిగేకొద్దీ భుజాలు తిప్పడం కష్టమై అలసట త్వరగా వస్తుంది. విశాఖలోలాగా నీరు ఏడాదిలో చాలాకాలం 25 డిగ్రీలు దాటే చోట 5 మిల్లీమీటర్ల సూటులో ఒళ్లు ఉడికిపోతుంది. డైవింగ్‌కు లెక్క మళ్లీ వేరు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై బుడగలు నలిగిపోతాయి, సూటు పల్చబడుతుంది. అందుకే అలల మీద ఆడేవారికన్నా లోతుకు దిగేవారికి మందం ఎక్కువ కావాలి.

మందం ఎంతున్నా ఒంటికి అతక్కపోతే దండగ. వేసుకున్నాక నడుము వెనక, వెన్ను ఒంపు దగ్గర సూటును రెండు వేళ్లతో పట్టి లాగి చూడాలి. గుప్పెడు ఖాళీ కనిపిస్తే ప్రతి అలకూ అక్కడ చల్లటి నీరు దూరి, వేడెక్కిన నీటిని తోసేస్తుంది. ఖరీదంటారా, ఏడాదికి రెండుసార్లు వెళ్లేవారు కొననక్కర్లేదు, తీరంలోని సర్ఫ్ దుకాణాల్లో అద్దెకు దొరుకుతాయి. అయితే ఏ సూటూ లైఫ్ జాకెట్ కాదు, సముద్రంలోకి లాగే ప్రవాహాన్ని అది ఆపలేదు.

సముద్రంలోని బోయాలు కొలిచే నీటి ఉష్ణోగ్రతలను అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఉచితంగా అందిస్తోంది. కారెక్కే ముందు ఆ అంకె చూడండి. అది 15 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉంటే, ఒంటికి సరిపోయే మందపాటి సూటు తొడగకుండా పిల్లలను ఆ నీళ్లలోకి దించకండి.