భుజాలు తడుముకున్నవాళ్లంతా దొంగలేనా?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. దొంగే దొరికాడు కాబట్టి సామెత నిలిచింది. ఏ పిరికివాడో, పరువు కోసం ప్రాణమిచ్చేవాడో భుజం తడుముకుని ఉంటే ఏమయ్యేదని ఎవరూ అడగలేదు. లై డిటెక్టర్ చూసేది కూడా భుజాలనే. ఊపిరి, రక్తపోటు, చర్మం మీది చెమట కొలుస్తుంది. దానికి అందేది జంకే కానీ అబద్ధం కాదు. మన ధర్మశాస్త్రాల్లో తండుల దివ్యమని ఒకటుండేది. దొంగతనం అంటగట్టినవాడి చేత బియ్యం నమిలించి ఉమ్మించేవారు. ఉమ్ములో నెత్తురు కనిపించినా, దవడ వణికినా దొంగే. పాపం, వాళ్లకు కరెంటు లేదు.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" అనే వాదం మాత్రం నేటికీ చావలేదు. 1983 మార్చిలో అమెరికాలో రేగన్ ప్రభుత్వం 84వ జాతీయ భద్రతా ఆదేశం తెచ్చింది ఈ ధీమాతోనే. రహస్యం పత్రికలకు పొక్కితే అనుమానం వచ్చిన ఉద్యోగిని యంత్రం ముందు కూర్చోబెట్టవచ్చు, కాదన్నవాడిపై చర్య తీసుకోవచ్చు. అత్యంత గోప్యమైన కాగితాలు చూసిన లక్షమందికి పైగా ఉద్యోగులు గూఢచర్యం గురించి ఏం రాసినా, రిటైరయ్యాక కూడా, బతికినన్నాళ్లూ ముందుగా ప్రభుత్వానికి చూపించాలి. అమెరికా కాంగ్రెస్ తిరగబడటంతో ఏడాది తిరగకముందే ఈ రెంటినీ పక్కన పెట్టారు. 1985లో లై డిటెక్టర్‌ను మళ్లీ పైకి తీస్తే విదేశాంగ మంత్రి జార్జ్ షుల్ట్స్, తనను నమ్మడం లేదని తెలిసిన నిమిషాన పదవి వదిలేస్తానన్నాడు. రేగన్ తగ్గాడు. మంత్రి కాబట్టి కుర్చీని లెక్కచేయలేదు. ఇంటి అద్దె కట్టుకునే గుమాస్తా ఆ మాట అనగలడా?

ఇంతకీ ఈ కంచె ఎవరిని ఆపింది? సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985 నుంచి సోవియట్లకు రహస్యాలు అమ్ముకున్నాడు. 1986లో, 1991లో లై డిటెక్టర్ పరీక్షకు కూర్చుని పాసయ్యాడు. ఎలా నెగ్గాలని అడిగితే అవతలివాళ్లు చెప్పింది, రాత్రి కంటినిండా నిద్రపోయి ప్రశాంతంగా ఉండమని. 1994లో పట్టుబడేనాటికి అతను పట్టించిన మనుషులు ఎందరో హతమయ్యారు. ఇక మాజీ సీఐఏ అధికారి ఫ్రాంక్ స్నెప్. సైగాన్ పతనంలో తన సంస్థ చేసిన తప్పిదాలను, తమను నమ్మిన వియత్నామీయులను వదిలేసి వచ్చిన తీరును 1977లో పుస్తకంగా రాశాడు. అందులో రహస్యం బయటపెట్టాడని ప్రభుత్వం కోర్టులో వాదించనే లేదు. అనుమతి తీసుకోలేదన్నదే నేరం. 1980లో సుప్రీంకోర్టు మౌఖిక వాదనలైనా వినకుండా అతని రాయల్టీ మొత్తాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. ఉద్యోగంలో చేరేటప్పుడే అందుకు ఒప్పుకుని సంతకం పెట్టాడు కదా అంటారు. పెట్టకపోతే ఉద్యోగం ఎవరిస్తారు?

లై డిటెక్టర్ గురించి అంకెలే కావాలంటే అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003 నివేదిక ఉంది. పదివేల మందిలో పదిమంది గూఢచారులున్నారనుకుందాం. ఎనిమిదిమందిని పట్టేలా యంత్రాన్ని బిగిస్తే, వాళ్లతోపాటు దాదాపు 1,600 మంది నిర్దోషులు దొంగల లెక్కలో పడతారు.

రహస్యాలు ఉండొద్దని ఎవరంటారు? అమ్ముకున్నవాడిని బోనెక్కించడానికి చట్టాలున్నాయి. నేను కాదనేది, తప్పు చేసిన శాఖ చేతికే ఆ తప్పును రాసిన కాగితం మీద కొట్టివేసే కలం ఇవ్వడాన్ని.

ఇదంతా అమెరికా గొడవ అనుకోవద్దు. బలవంతపు పాలిగ్రాఫ్ చెల్లదని మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పింది, సంతోషం. కానీ 2021 మే 31న కేంద్రం పెన్షన్ నిబంధనలు సవరించి, నిఘా, భద్రతా సంస్థల్లో రిటైరైనవాళ్లు తమ సంస్థ గురించి రాయాలంటే ఆ సంస్థ అధిపతి అనుమతి ఉండాలంది. మాట తప్పితే పెన్షన్ ఆపవచ్చు. ఆ అనుమతి అధికారాన్ని శాఖ అధిపతి నుంచి తీసి బయటి న్యాయమూర్తికి అప్పగించండి. అది కుదరదంటే నిబంధననే ఎత్తేయండి.