ముద్ద దాని చేతికే ఇద్దాం

మా మనవరాలి అన్నప్రాశన ఫొటో ఒకటి మా టీవీ పక్కన ఉంటుంది. పీట మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పూలు, ఓ పక్కన వెండిగిన్నెలో పాయసం. ఏది పట్టుకుంటుందోనని అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. వాళ్ల తాతయ్యయితే ఎవరూ చూడకుండా పెన్నుని కాస్త ముందుకు జరిపారు కూడా. అదేమో అన్నింటినీ దాటేసి తిన్నగా పాయసంలో చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా! ఆ చెయ్యి తీసి నోట్లో పెట్టుకుంది. ఇల్లంతా ఒకటే నవ్వులు.

మర్నాడు పొద్దున అదే చేతిని నేను గట్టిగా పట్టుకున్నాను. ఉగ్గు పెట్టడానికి.

ముందురోజు బతుకుదెరువు కూడా నీ చేత్తోనే ఎంచుకోమన్నాం. తెల్లారేసరికి ఇడ్లీ ముక్క కూడా ముట్టుకోనివ్వలేదు. ఈ తేడా ఆ రోజు నాకు తట్టలేదు. తట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. ఉగ్గు పొయ్యడం నాకు ఒకరు నేర్పాలా? కాళ్లు బారజాపుకొని, పిల్లని వాటి మీద పడుకోబెట్టుకొని, మా అమ్మ ఇచ్చిన ఉగ్గుగిన్నె తీశాను. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లయినా ఎరగని పిల్ల. గిన్నె దగ్గరకు తేగానే మూతి బిగించేసింది. మర్నాడు తల తిప్పేసింది. మూడోరోజు గిన్నెని చూసే ఏడుపు. నాలుగోరోజు నాకూ పంతం వచ్చింది. చేతులు రెండూ ఒక చేత్తో పట్టుకొని, అది ఏడవడానికి నోరు తెరవగానే చెంచా లోపలికి పెట్టేశాను. పొలమారింది. మొహం ఎర్రగా కందిపోయింది. 'ఏం లేదులే, ఎవరో తలుచుకుంటున్నారు' అంటూ మాడు మీద తట్టబోయాను. మా అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి పిల్లని నా ఒళ్లోంచి లాక్కుంది.

మధ్యాహ్నం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. భోజనాల దగ్గర అదే అంది. 'అమ్మా, వచ్చేనెల నేను ఆఫీసుకి వెళ్తే ఇది రోజుకి తొమ్మిది గంటలు నీ దగ్గరే ఉండాలి. గిన్నె చూస్తేనే ఏడిస్తే ఎలాగే?'

నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు చెప్పింది తన ఆలోచన. చెంచాతో పెట్టకుండా, మెత్తగా ఉడికించిన ముక్కలు దాని ముందు పెడితే అదే తీసుకొని తింటుందట. 'పళ్లయినా రాని పిల్లకి ముక్కలు పెడతావా? గొంతులో అడ్డం పడితే?' అని గట్టిగానే అరిచాను. 'పొద్దున పొలమారింది ముక్క వల్ల కాదమ్మా, నువ్వు పెట్టిన ఉగ్గు వల్ల' అంది.

సమాధానం లేక, 'పద, డాక్టర్నే అడుగుదాం' అన్నాను.

ఇది పాలు మాన్పించడం కాదు

పిల్లల డాక్టరమ్మ నవ్వి, 'మీ ఇద్దరి భయాలూ నిజమే' అంది. ఈ పద్ధతిని ఇంగ్లిష్‌లో 'బేబీ లెడ్ వీనింగ్' అంటారు. బ్రిటన్‌లో ఇళ్లకు వెళ్లి తల్లులకు సలహాలిచ్చే హెల్త్ విజిటర్‌గా పనిచేసిన గిల్ రాప్లే దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ట్రేసీ మర్కెట్‌తో కలిసి ఆమె రాసిన పుస్తకం 2008లో వచ్చింది. వీనింగ్ అనగానే మనం పాలు మాన్పించడం అనుకుంటాం. ఇక్కడ ఆ అర్థం కాదు. పాలతో పాటు తిండి మొదలుపెట్టడం, అంతే. ఆరు నెలలు నిండాక కూడా రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది నిండేదాకా బిడ్డకు కావాల్సిన శక్తిలో సగమో, అంతకన్నా ఎక్కువో తల్లిపాల నుంచే అందుతుంది. కాబట్టి మొదటి వారం పిల్ల రెండు మెతుకులే మింగినా కంగారు పడక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పింది. మన పెద్దలు 'ఆరో నెల' అంటారు, డాక్టర్లు 'ఆరు నెలలు నిండాక' అంటారు. రెంటికీ నెల తేడా ఉంది. అన్నప్రాశన ముహూర్తం ఎప్పుడున్నా నాలుకకి రాసి సరిపెట్టి, అసలు తిండి నెలలు నిండాకే మొదలుపెట్టాలి. అదీ బిడ్డ సిద్ధంగా ఉంటేనే. మెడ నిలబెట్టి కాస్త ఆసరాతో కూర్చోగలగాలి. కనిపించినదాన్ని పట్టుకొని నోటి దగ్గరకు తెచ్చుకోగలగాలి. నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేయడం తగ్గాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, బరువు తక్కువున్న పిల్లల విషయంలో మాత్రం డాక్టర్ని అడక్కుండా సొంత ప్రయోగాలు వద్దంది.

డోకు వేరు, అడ్డం పడటం వేరు

నా అసలు భయం ఇక్కడే. డాక్టరమ్మ ఓపిగ్గా విడమరిచి చెప్పింది.

కొత్తగా తినే పిల్లలకి డోకు వస్తుంది. ముక్క కాస్త వెనక్కి వెళ్లగానే ఓకరించి, నాలుక బయటపెట్టి, దగ్గి దాన్ని ముందుకు తెచ్చేస్తారు. మొహం ఎర్రబడుతుంది, చప్పుడవుతుంది. అది ప్రమాదం కాదు, శరీరం చేసుకునే కాపలా. ఆ సమయంలో మనం వేలు నోట్లో పెడితేనే ముక్క లోపలికి పోతుంది. అసలు అడ్డం పడితే చప్పుడుండదు. ఏడవలేరు, దగ్గలేరు, ఊపిరాడదు, పెదాలు నీలంగా మారతాయి. అప్పుడు ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. బిడ్డని బోర్లా ముంజేతి మీద పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా పట్టుకొని, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. ముక్క బయటికి వచ్చేదాకా ఇలా మార్చిమార్చి చేయాలి. పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. కనిపించని ముక్క కోసం గొంతులో వేలు పెట్టి కెలకకూడదు.

ఇదంతా ఓ బొమ్మ మీద నా చేత చేయించింది. పిల్లకి ఏ తిండి పెట్టినా, ఎవరు పెట్టినా, ఇంట్లో అందరూ నేర్చుకోవాల్సిన విద్య ఇది. మొదటిసారి చదివి కాదు, చేసి నేర్చుకోండి.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 200 పైచిలుకు కుటుంబాలతో చేసిన అధ్యయనం గురించి కూడా చెప్పింది. దాని ఫలితాలు 2016లో వచ్చాయి. జాగ్రత్తలు నేర్పించాక, సొంతంగా తిన్న పిల్లలకీ చెంచాతో తిన్న పిల్లలకీ గొంతులో అడ్డం పడటంలో తేడా కనిపించలేదట. కానీ రెండువైపులా చాలామంది తల్లిదండ్రులు పిల్లలకి ప్రమాదకరమైన ముక్కలు ఇచ్చేశారట. అంటే భయపడాల్సింది పద్ధతికి కాదు, పళ్లెంలో పెట్టే వస్తువుకి.

'కాళ్ల మీద పడుకోబెట్టి, ఏడుస్తున్న పిల్ల నోట్లో పొయ్యడమో?' అని మెల్లగా అడిగాను. 'అది మాత్రం మానెయ్యండమ్మా' అంది. ఏడుస్తూ ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు ఆ ఉగ్గు గాలిగొట్టంలోకి పోవచ్చట. నా పిల్లలిద్దరికీ అలాగే పోశాను. ఇంటికి వచ్చేదారిలో అదే గుర్తొస్తూ ఉంది.

మా పళ్లెంలో ఏముంది?

మర్నాడు చాప మీద పాత చీర పరిచి, వాళ్లమ్మ ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టాం. అంతకు ముందు పాలు తాగి గంటయింది. నిద్రమత్తు లేదు, మరీ ఆకలీ లేదు. ఆకలిగా ఉన్న పిల్లకి ముక్కతో ఆడుకునే ఓపిక ఉండదు, చికాకు పడుతుంది.

ఆవిరి మీద ఉడికించిన చిలగడదుంప, మన వేలంత పొడుగు ముక్క ఒకటి. ఆరు నెలల పిల్లలు గుప్పిట బిగించి పట్టుకుంటారు కాబట్టి కొంత పైకి కనిపించేలా పొడుగ్గా ఉండాలి. చిన్న ముక్కలు రెండు వేళ్లతో ఏరుకోవడం తొమ్మిదో నెల దగ్గర్లో వస్తుంది. ఎంత మెత్తగా ఉండాలంటారా? మన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సులువుగా నలిగితే చిగుళ్ల మధ్యా నలుగుతుంది. పళ్లక్కర్లేదు.

మొదటిరోజు ఆ ముక్కని పిసికింది, జుట్టుకి రాసుకుంది, నాకిందో లేదో కూడా తెలియలేదు. రెండోరోజు డోకు వచ్చింది. నా చెయ్యి ముందుకి వెళ్లిపోయింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకొని 'ఆగమ్మా' అంది. పాప దగ్గి, ముక్క బయటికి తెచ్చి, మళ్లీ నోట్లో పెట్టుకుంది! నా గుండె మాత్రం సర్దుకోవడానికి అరగంట పట్టింది.

ఆ తరవాత ఒక్కొక్కటే. పండిన అరటిపండు, బొప్పాయి, ఉడికిన గుమ్మడి, ఆనపకాయ. ఇడ్లీ పొడిగా ఇస్తే నోట్లో అతుక్కుంటుంది కాబట్టి పప్పుతో తడిపి ఇచ్చాం. మెత్తటి పెసరట్టు పొడుగు ముక్కలుగా, ఉప్పు లేకుండా.

ఇక్కడే పొరపాటు జరగొచ్చని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. పట్టుకోవడానికి వీలైనవే పెడుతూ పోతే పళ్లూ కూరగాయ ముక్కలే మిగులుతాయి. పుట్టుకతో తెచ్చుకున్న ఐరన్ నిల్వలు ఆరు నెలల నాటికి తరిగిపోతాయి, పాలలో ఉండేది తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకని రోజూ పప్పు, గుడ్డు, తినేవాళ్లయితే మెత్తగా ఉడికించిన మాంసం, ముల్లు తీసిన చేప వంటి వాటిలో ఏదో ఒకటి ఉండాల్సిందే. పప్పులో కాస్త నిమ్మరసమో టమాటోనో పడితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. మనం పప్పుతేట ఇచ్చి పప్పు పెట్టాం అనుకుంటాం. బలమంతా గిన్నె అడుగునే ఉండిపోతుంది! ముద్దపప్పే పెట్టండి, కాస్త నెయ్యి వేసి. ఆరు నెలలు నిండిన పిల్లలకి ప్రభుత్వం వారానికి రెండుసార్లు ఇప్పించే ఐరన్ సిరప్ గురించి ఆశా కార్యకర్తనో డాక్టర్నో అడగండి.

మరి ముద్దపప్పు అన్నం చేత్తో ఎలా తింటుంది? ఇక్కడ మేమిద్దరం రాజీ పడ్డాం. ముందు పది నిమిషాలు దాని చేతికి వదిలేస్తాం. తరవాత నేను చిన్న ముద్ద దాని పెదాల ముందు పట్టుకొని ఆగుతాను. నోరు తెరిస్తే పెడతాను. తల తిప్పితే అయిపోయింది. ఒక్కోసారి చెంచాకి రాగిజావ రాసి చేతికే ఇస్తాం, అదే నోట్లో పెట్టుకుంటుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మా ఇష్టం. ఎంత తినాలన్నది దాని ఇష్టం. చెయ్యా, చెంచానా అన్నది ఆ తరవాత సంగతి.

ఇవి మాత్రం వద్దు

పల్లీలు, జీడిపప్పు, శనగలు, బఠాణీలు, పాప్‌కార్న్, జంతికలు, పిప్పరమెంట్లు. పచ్చి క్యారెట్, గట్టి జామ, యాపిల్ ముక్కలు. గుండ్రటి ద్రాక్షపండ్లు. గింజ తీయని సపోటా, సీతాఫలం. తేనె ఏడాది నిండేదాకా నాలుకకి కూడా రాయొద్దు, అందులో పసిపిల్లలకు ప్రమాదకరమైన సూక్ష్మక్రిములు ఉండొచ్చు. ఉప్పు, పంచదార అవసరం లేదు. తల్లిపాలకు బదులు ఆవుపాలో గేదెపాలో ఏడాదిలోపు అలవాటు చెయ్యొద్దు. గుడ్డు, మెత్తగా నూరి పలుచగా కలిపిన పల్లీపొడి లాంటివి మాత్రం పడవేమోనన్న భయంతో వాయిదా వేయక్కర్లేదు. ఒక్కోరోజు ఒక్క కొత్త వస్తువు, కొంచెంగా. దద్దుర్లో వాంతులో కనిపిస్తే ఆపి డాక్టర్ని కలవాలి. ముందే చర్మం మీద గజ్జి లాంటి పొక్కులు ఎక్కువగా ఉన్న పిల్లలైతే మొదలుపెట్టకముందే అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం, తినేటప్పుడు పిల్ల పక్కనే ఒక మనిషి ఉండాలి. ఫోన్ చూడని మనిషి!

మా వియ్యపురాలు ఓ ఆదివారం వచ్చి, పప్పు పులుముకున్న పిల్లని చూసి 'ఇదేం తిండి వదినా, పిల్లకి పట్టింది తక్కువ, చీరకి పట్టింది ఎక్కువ' అన్నారు. నెల తిరిగాక డాక్టరమ్మ తూకం వేసి, ఎదుగుదల కార్డులో గీత చూపించి 'బాగానే ఉంది' అన్నాక ఆవిడా నేనూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం.

మొన్న సోమవారం మా అమ్మాయి ఆఫీసులో చేరింది. పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లింది. పదకొండింటికి పళ్లెం పెట్టాను. పిల్ల నా చేతి వంక చూసింది. ఖాళీగా ఉన్నాయని చూపించాను, రెండు చేతులూ. గుమ్మడిముక్క తీసుకుంది.

మధ్యాహ్నంలోపే మూడుసార్లు ఫోన్. 'ఎంత తిందమ్మా?'

'దానికి ఎంత కావాలో అంత' అన్నాను.